గాలానికి తెచ్చిన పిల్ల

నా నోటికి మా పెకలోంగాన్ ఊళ్ళో బజారంతా హడలిపోతుంది. పొద్దున్నే పనసకాయ కూరతో అన్నం పొట్లాలు కట్టి అమ్ముతాను. వరస తప్పి ముందుకొచ్చినవాడికీ, కారం తక్కువైందన్నవాడికీ అక్కడికక్కడే వడ్డించేస్తాను. అలాంటి నోరు, తెరవాల్సిన రోజున మాత్రం తెరుచుకోలేదు. ఆ సిగ్గుమాలిన సంగతే ఇది.

పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా నా కడుపు పండలేదు. పిల్లల్లేని ఇంట్లో చుట్టాల పిల్లను తెచ్చి పెంచితే, దాని వెనకాలే సొంత బిడ్డ కడుపున పడుతుందని మావాళ్ళ నమ్మకం. అలా తెచ్చుకున్న పిల్లను గాలం అంటారు. రాత్రిళ్ళు అది మొగుడూ పెళ్ళాల మధ్య పడుకోవాలి. మా మరిది మూడో కూతురు తియాస్‌ను అలాగే తెచ్చుకున్నాం. అప్పుడు దానికి ఐదేళ్ళు. ఇంట్లో గాలం, సెమరాంగ్ ఆసుపత్రిలో టెస్ట్‌ట్యూబ్ వైద్యం. రెండేళ్ళలో రెండుసార్లు పిండాన్ని పెట్టించుకున్నాను. రెండుసార్లూ నిలవలేదు.

మూడోసారికి సిద్ధమవుతున్నాను. ఫ్రిజ్ తలుపులో గుడ్ల పక్కన ఇంజక్షన్లు. రోజూ సాయంత్రం ఏడింటికి నా పొట్టలో నేనే పొడుచుకోవాలి. తియాస్ ఐసుముక్కను గుడ్డలో చుట్టి తెచ్చి అద్దేది.

"నొప్పా పెద్దమ్మా?"

"లేదే."

"అబద్ధం. నీ కాలివేళ్ళు ముడుచుకున్నాయి."

అలాంటి ఒక సాయంత్రమే అత్తగారు వచ్చారు. పిల్ల వంటింట్లో ఉందని తెలిసి కూడా గొంతు తగ్గించలేదు.

"ఈ గాలం పనిచెయ్యట్లేదే రెత్నో. రెండేళ్ళు తిండి దండగ. దీన్ని వాళ్ళమ్మ దగ్గర దింపేసి ఇంకెవర్నైనా చూడండి. ఈసారి మగపిల్లాడైతే మంచిది."

మా ఆయన హర్యో ఫోనులోంచి తలెత్తలేదు. 'ఏం మాటలండీ అవి' అని నేను అనాలి. అన్నానా? సూది చేత్తో పట్టుకుని, "ఈసారికి చూద్దాం అత్తయ్యా. నిలవకపోతే పంపించేద్దాం" అన్నాను. ఎవరో అనలేదు, నేనే అన్నాను. వంటింటి తెర పక్కన ఐసుగుడ్డతో అది నిలబడే ఉంది.

ఆ రోజునుంచి పిల్ల మారిపోయింది. అడక్కుండానే అంట్లు తోమేది. రంగుపెన్సిళ్ళు కావాలని రోజూ ప్రాణం తీసేది కాస్తా నోరెత్తడం మానేసింది. రాత్రి మా మధ్య కదలకుండా, నా పొట్టమీద చెయ్యి వేసుకుని పడుకునేది. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ, ఒకవేళ పనిచేస్తుందేమోనని, ఆ చేతిని అక్కడే ఉండనిచ్చాను.

పిండం పెట్టిన పన్నెండో రోజున రక్తపరీక్ష చేశారు. సాయంత్రం నర్సు ఫోన్ చేసి "సారీ అమ్మా" అంది. వంటింట్లో పీటమీద కూలబడ్డాను. తియాస్ వచ్చి ఎదురుగా నిలబడింది. తప్పు చేసి పంతులమ్మ ముందు నిలబడినట్టు చేతులు కట్టుకుంది.

"నావల్లే పెద్దమ్మా."

"ఏంటే?"

"ముందు రెండుసార్లూ నమాజయ్యాక, పాపాయి రావద్దని అల్లాని అడిగా. వస్తే పనైపోయిందని నన్ను పంపించేస్తారుగా? ఈసారి మాత్రం రావాలనే అడిగా, నిజంగా! ఆయన పాతదే విన్నట్టున్నాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. బిడ్డ వచ్చినా తను పోవాలి, రాకపోయినా తనే పోవాలి. ఆ దిగులంతా మింగుకుని ఏడేళ్ళ పిల్ల ఇన్ని రాత్రులు మా మధ్య పడుకుంది. ఆ ఇంట్లో తప్పు చేసింది మేము. ఒప్పుకున్నది మాత్రం అది.

కబురు తెలిసి అత్తగారు ఫోన్ చేశారు. "ఆదివారం దింపేస్తారా దాన్ని?"

"దింపం. ఇక్కడే ఉంటుంది."

"గాలం పనిచెయ్యలేదుగా?"

"ఇంకోసారి గాలం అన్నారంటే నా నోరు మంచిది కాదత్తయ్యా."

తెరుచుకుంది నా నోరు, నెలరోజులు ఆలస్యంగా. హర్యో లేచి వెళ్ళి, పక్కింటివాళ్ళ దగ్గరున్న మా చిన్న మంచం మోసుకొచ్చాడు. కిటికీ పక్కన వేసి దుప్పటి పరిచాను. దాన్ని చూడగానే తియాస్ మొహం పాలిపోయింది.

"నన్ను పంపించేస్తున్నారా?"

"కాదే పిచ్చిమొహమా. మా మధ్య పడుకునే పని ఇక లేదు. అసలు నీకు ఏ పనీ లేదు. ఊరికే ఉండు."

"ఊరికే ఉంటే ఉంచుకుంటారా?"

"ఉంచుకుంటాం."

"పాపాయి రాకపోయినా?"

"రాకపోయినా."

"వచ్చినా?"

"వచ్చినా ఉంచుకుంటామే తల్లీ."

తలూపింది. నమ్మిందనే అనుకున్నాను.

తెల్లవారుజామున లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. తియాస్ నాకంటే ముందే లేచి, పొట్లాలకు అరిటాకులు ఒక్కొక్కటే తుడిచి దొంతర పెడుతోంది. నన్ను చూసి ఇంకాస్త తొందరగా తుడవడం మొదలుపెట్టింది.