డర్బన్‌లో హైదరాబాద్ టైం

నేను ఒక చేతి గడియారాన్ని. కీ ఇస్తేనే నడుస్తాను, రోజుకో నిమిషం వెనకబడతాను. దాచడమెందుకు? నన్ను తయారుచేసిన కార్ఖానా ఏనాడో మూతపడింది. మొదట కాజీపేటలో రైలు గార్డు రాజలింగం గారి చేతికి ఉండేదాన్ని. పచ్చజెండా ఊపేముందు ఆయన నా ముఖం చూసేవాడు, భార్య ముఖం కన్నా ఎక్కువసార్లే. ఆయన పోయాక కూతురు హైమవతి నన్ను పెట్టుకుంది. బళ్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి.

రిటైరైనవాళ్లు టీవీ చూస్తారు. ఈవిడ వేరే పని నెత్తికెత్తుకుంది. రక్త క్యాన్సర్ రోగుల కోసం దాతలిచ్చిన మూలకణాలను చల్లటి పెట్టెలో పెట్టుకుని విమానాల్లో మోసుకెళ్లడం. జీతం లేదు, నియమాలు మాత్రం బోలెడు. పెట్టెను ఎక్స్‌రేలో పెట్టనివ్వకూడదు, చేతి నుంచి వదలకూడదు, అప్పగించేదాకా గడియారం తిప్పకూడదు. గడువు లెక్కంతా కణాలు తీసిన ఊరి టైంలోనే. ఫోన్లు దిగిన చోటల్లా టైం మార్చేసుకుంటాయి. నాకా చపలత్వం లేదు.

ఆసారి డర్బన్ వెళ్లాలి. హైదరాబాద్ నుంచి గాల్లో ఏడు వేల మూడు వందల కిలోమీటర్లు, మధ్యలో విమానం మారడంతో కలిపి పదహారు గంటలు. అక్కడ తొమ్మిదేళ్ల పాప. ముత్తాతలు ఎప్పుడో చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్లు. పాప పాత ఎముక మజ్జను మందులతో అప్పటికే ఖాళీ చేసేశారు. ఈ కణాలు అందకపోతే ఇంకో దారి లేదు. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి హైదరాబాద్‌లో తీశారు, మూడు రోజులే బతుకుతాయి కాబట్టి శుక్రవారం రెండింటికల్లా చేరాలి.

బుధవారం గల్ఫ్‌లో దిగేసరికి ఇసుక తుఫాను. విమానాలన్నీ ఆగిపోయాయి. హైమవతి కుర్చీలో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, రెప్ప వాల్చలేదు. గురువారం సాయంత్రం కౌంటర్ తెరిచారు. అక్కడున్న కరీంనగర్ కుర్రాడు మొహం వెలిగించుకుని చెప్పాడు.

"డర్బన్‌ల రేపు పగటీలి పన్నెండింటికి దిగుతరు మేడం. మీ గడువు రెండింటికే కదా? ఇంక రెండు గంటలు మిగులుతయ్!"

ఆవిడ తలూపేసింది. భూగోళం చెప్పిన మనిషే! నిద్రలేమి అలాంటిది. టికెట్ అందుకోబోతూ చెయ్యి చాపితే నేను కనపడ్డాను. చెయ్యి ఆగిపోయింది.

"ఆగు తమ్మీ. గా రెండు హైదరాబాద్ రెండు. అప్పుడు డర్బన్‌ల పదిన్నరే. నువ్వు చెప్పిన విమానం దిగేటాళ్లకు గడువు దాటి గంటన్నర అయితది!"

కుర్రాడి మొహం పాలిపోయింది. గబగబా వెతికాడు. "జోహన్నెస్‌బర్గ్‌కైతే ఇప్పుడే ఒకటున్నది మేడం. కానీ ఆడికెల్లి కారుల ఆరు గంటలు."

"ఇయ్యి బిడ్డా!"

కారులో ఆరు గంటలూ ఆవిడ కునుకు తియ్యలేదు. డ్రైవర్ కునికితే ఎలాగని అతనికి కాజీపేట కబుర్లు చెబుతూనే ఉంది. పాపం, అతనికి తెలుగు రాదు. ఎన్నో చేతులు చూశాను కానీ ఇంత మొండి చేతిని చూడలేదు. నాకు గర్వంగా ఉంది, ఉన్నమాట చెబుతున్నాను.

ఆసుపత్రిలో పెట్టె అప్పగించి సంతకం చేసేసరికి నాలో పన్నెండూ నలభై. కణాలు బతికున్నాయో లేదో పరీక్షించాలన్నారు. చెప్పేదాకా కదలనని ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుంది.

గంట తర్వాత ల్యాబ్ డాక్టర్ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కణాలు బాగున్నాయట, పాపకు ఎక్కించడం మొదలుపెట్టారట. చెబుదామని వంగి చూసి ఆగిపోయాడు. హైమవతి గోడకు తల ఆనించి, నోరు తెరిచి గుర్రుపెడుతోంది.

ఆయన తన కోటు విప్పి ఆవిడకు కప్పాడు. లేపొద్దని నర్సుకు సైగ చేసి, చప్పుడు కాకుండా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు.