పదకొండో పేజీ

అమెరికాలోని నేపర్‌విల్‌లో రోగుల ఇళ్లకు నర్సులను పంపే కంపెనీ అది. డెబ్బై శాతం వాటా సుందర్ రాజ్‌ది, ముప్పై శాతం నవోమిది. తొమ్మిదేళ్ల కిందట, చర్చిలో భోజనాలయ్యాక, ఒప్పందం కాగితాల మీద చెయ్యి పెట్టి సుందర్ రాజ్ ప్రార్థించాడు. ఆమెన్ అన్నాక నవోమి సంతకం చేసింది. ప్రార్థన అయిన కాగితాలను చదవబోతే అన్నయ్యా అని పిలిచే మనిషిని అనుమానించినట్టు ఉంటుందనుకుంది.

ఈ జనవరిలో ఆయన ఆమెను కంపెనీలో ఉద్యోగం నుంచి తీసేసి, ఆ కుర్చీలో తన భార్యను కూర్చోబెట్టాడు. అప్పుడు నవోమి ఒప్పందం చదివింది. ఆయన అనుమతి లేకుండా వాటా ఎవరికీ అమ్మకూడదని పదకొండో పేజీలో ఉంది. కంపెనీ లాభం పంచలేదు. పంచకపోయినా, వాటాదారు కాబట్టి ఆ లాభంలో ముప్పై శాతానికి పన్ను మాత్రం ఆమే కట్టాలని మార్చిలో ఫారం వచ్చింది.

మంగళవారం పొద్దున ఆఫీసుకు వెళ్లి, లాయరు రాసిన ఉత్తరం ఉన్న కవరును ఆయన ముందు పెట్టింది.

"కాఫీ తాగుతావా అమ్మా?"

"వద్దన్నయ్యా. నా షేర్లు మీరే కొనుక్కోండి. లేకపోతే బయట అమ్ముకోనివ్వండి."

"బయట ఎవరు కొంటారు? సండే చర్చిలో పాట్‌లక్ భోజనాల దగ్గర అడిగి చూడు." నవ్వాడు. "నువ్వు పెట్టిన ముప్పై వేల డాలర్లు నీకు ఇచ్చేస్తాలే."

"తొమ్మిదేళ్ల తర్వాత కూడా అంతేనా? వదిన శాలరీ ఎంత?"

"అది మేనేజ్‌మెంట్ డెసిషన్ అమ్మా."

"అకౌంట్స్ చూపించమని లెటర్‌లో ఉంది. మెజారిటీ ఉన్నవాళ్లు చిన్న పార్ట్‌నర్‌కి అన్యాయం చేయకూడదని లా ఉందట."

"ఉందిలే. కోర్ట్‌కి వెళ్తే మూడేళ్లు. అన్నాళ్లూ ప్రతి సండే నా వెనక బెంచీలోనే కూర్చోవాలిగా?"

బెంచీ సంగతి తప్ప లాయరూ అదే చెప్పాడు. గెలవవచ్చు. అప్పటిదాకా వాటా ఆమెదే, పన్నూ ఆమెదే.

సుందర్ రాజ్ కవరు విప్పలేదు. దాని మీద చెయ్యి పెట్టాడు.

"ప్రార్థన చేసుకుందాం."

అలవాటు కొద్దీ నవోమి తల వంచింది. చెల్లెలి మనసుకు సమాధానం, నెమ్మది ఇమ్మని, కంపెనీకి ఐక్యత ఇమ్మని ఆయన దేవుణ్ని అడిగాడు. ఆమె కళ్లు తెరిచి కవరు వైపు చూసింది.

"ఆమెన్," అన్నాడాయన. ఆమె అనలేదు.

"ఇప్పుడు చదవండి అన్నయ్యా."

"తీరిగ్గా చదువుతాలే. నువ్వు వెళ్లు."

"నన్ను వెళ్లనివ్వనిది మీరేగా."

కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుని కూర్చుంది.