ఆసక్తి తగ్గడం వల్ల

"కాగితాల వాళ్ళు భోజనాలవేళకి ముందే వస్తారట. ఆ గది కాస్త ఊడ్చిపెట్టు," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా. వచ్చేది నా కాగితాల కోసమే. శాస్త్రవేత్తల రాతలు భద్రపరిచే సంస్థ ఒకటి నన్ను కూడా ఎంచుకుంది. జీవరసాయన శాస్త్రంలో తొలితరం మహిళనట. ఆ తొలితరం మహిళ చీపురు పుచ్చుకుని, మంచం కింద దూరి, పెట్టెలు బయటికి లాగింది.

వచ్చినామె మా అమ్మాయి కంటే చిన్నది. చేతులకు పల్చటి తొడుగులు వేసుకుని, ఒక్కో కాగితాన్నీ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుతోంది. ఒకదాని మీద గుండ్రటి మచ్చ చూసి, "ఇదేదైనా రసాయనమా మేడమ్?" అని అడిగింది.

"పాలగిన్నె," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

నేను పనిచేసింది కాలేయంలోని ఒక ఎంజైము మీద. అది వెచ్చదనాన్ని తట్టుకోలేదు. అందుకే దాన్ని విడదీసే పనంతా కోల్డ్‌రూమ్‌లో, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని చేసేదాన్ని. పొద్దున్నే మాంసం కొట్టు ముందు నిలబడి, తాజా కాలేయం కొనుక్కుని ల్యాబ్‌కు పరుగు. "ఇంట్లో కూర చల్లారిపోతున్నా పట్టదు గానీ, అక్కడ దేన్నో చల్లగా ఉంచడానికి మాత్రం ప్రాణం పెడుతుంది," అనేవారు అత్తయ్య, వచ్చిన ప్రతివాళ్ళతో. మా ఆయనదీ యూనివర్సిటీలో అదే విభాగం. ఒక ఇంట్లో ఇద్దరికి జీతాలివ్వకూడదని నిబంధన ఉండేది. ఎవరి జీతం మానుకోవాలన్న మాటే మా మధ్య రాలేదు. ఏళ్ళ తరబడి ఊరికే పనిచేశాను. "నీకేం వదినా, సరదాకి చేసుకుంటున్నావు," అనేది ఆడపడుచు. సరదాయే మరి. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో ఇంటికొచ్చి అంట్లు తోముతుంటే వేడినీళ్ళు సూదుల్లా గుచ్చుకునేవి. అయినా ఆ ఎంజైమును మొట్టమొదట విడదీసింది నేనే. నా పేరుతో వ్యాసం అచ్చయిన రోజు మా ఆయన విభాగమంతా తిరిగి మిఠాయి పంచారు, "మా ఆవిడ" అని చెప్పుకుంటూ. చెడ్డవారని నేనెప్పుడూ అనను. ఆ ఎంజైము ఎలా పనిచేస్తుందో తేల్చాలని ఆ తర్వాత మొదలుపెట్టాను.

"మేడమ్, ఈ ఎంజైము రాతలు సగంలో ఆగిపోయాయి. మిగతావి ఇంకో పెట్టెలో ఉన్నాయా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నారు. "అంతేనమ్మా. ఆ తర్వాత ఆవిడకు ఆసక్తి తగ్గింది."

ఆమె పెన్సిలుతో ఆ మాటే రాసుకుంది.

నేను ఆయన ముఖంలోకి చూశాను. దాపరికం లేదు, వెటకారం లేదు. దారి అడిగినవాళ్ళకు దారి చెప్పినంత మామూలుగా చెప్పారు. అబద్ధమైతే పోట్లాడేదాన్ని. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. ఒకే కంచం దగ్గర, ఒకే పడక మీద ఇన్నేళ్ళు గడిపి, నాకు ఆసక్తి తగ్గిందని నమ్ముతూ వచ్చారు. ఏడుపు కూడా రాలేదు నాకు. మంచం అంచున కూర్చున్నాను.

"అది కొట్టెయ్యమ్మా," అన్నాను. "ఆసక్తి తగ్గలేదు. మా అత్తయ్య జారిపడి తుంటి విరిగింది. ఎత్తి కూర్చోబెట్టడానికి, కడగడానికి మనిషి కావాలి. నువ్వు కాకపోతే ఎవరు చూస్తారన్నారు ఇంట్లోవాళ్ళంతా. ఆవిడ పోయేదాకా నేనే చూశాను."

"ఇంటి సంగతులు అందులో ఎందుకు? వాళ్ళకు కావలసింది సైన్సు," అన్నారు మా ఆయన, మెత్తగానే.

"సైన్సు ఆగింది ఇంట్లోనే కదండీ."

ఆ అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "రాయనా మేడమ్?"

"రాయి. కబురొచ్చినప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. నెలల తరబడి శుద్ధి చేస్తూ వచ్చిన ఎంజైము వేరుచేసే యంత్రంలో గిరగిరా తిరుగుతోంది, యంత్రం ఆగడానికి ఇంకా సమయం పడుతుంది. ఈయనకేమో క్లాసుంది. అందుకని ఇంటికి నేను బయల్దేరాను. వెళ్తూ వెళ్తూ ఈయన గదికి పోయి, యంత్రం ఆగగానే ట్యూబు తీసి ఐసులో పెట్టమని బతిమాలాను. సరేనన్నారు. మర్నాటికి అది వెచ్చబడి పాడైపోయింది. అడిగితే, 'అయ్యో, మరిచేపోయాను. మళ్ళీ చేసుకోవచ్చులే,' అన్నారు. మళ్ళీ చేసుకోవడానికి నాకు తీరనే లేదు. కొన్నేళ్ళకు ఇంకెవరో చేశారు. వాళ్ళ వ్యాసం అత్తయ్య మంచం పక్కన కూర్చుని చదివాను. నేననుకున్నట్టే ఉంది అంతా."

మా ఆయన కళ్ళజోడు తీశారు. నుదురు ముడిచి, గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించారు.

"ఏ ట్యూబు?" అన్నారు.

ఆమె పెన్సిలు ఆగిపోయింది.

"అది కూడా రాయమ్మా," అన్నాను.