మూడంకెల మాట

కథలాపూర్‌లో ఆ ఇంట్లో ఆడవాళ్లిద్దరికీ కలిపి ఒక్కటే ఫోను. అది అత్త పోశవ్వ దగ్గరే ఉంటుంది. దుబాయి నుంచి కొడుకు మహిపాల్ మెసేజ్ పంపితే, అతని భార్య సరిత దాన్ని చదివి వినిపించాలి. పోశవ్వకు అక్షరాలు రావు గానీ, "గింత పొడుగున్నదాంట్ల రెండు ముక్కలేనా?" అని నిలదీసేంత తెలివి ఉంది. ఇక మొగుడూ పెళ్లామూ ముద్దుగా ఏం రాసుకుంటారు, నా మొహం!

మహిపాల్ పనిచేసేది చైనా సామాన్ల గోదాములో. తోటి పనివాడు, చైనావాడైన లీ ఉపాయం చెప్పాడు. వాళ్ల అక్షరాలు వేలకు వేలు. అవన్నీ నొక్కే ఓపిక లేక అక్కడి పడుచువాళ్లు నెట్‌లో అంకెలతో కబుర్లాడుకుంటారట. 88 అంటే బైబై. 555 అంటే వెక్కి వెక్కి ఏడుపు. 520 వాళ్ల భాషలో చదివితే 'నువ్వంటే నాకు ప్రేమ' అన్నట్టు వినపడుతుందట. పోశవ్వ స్నానానికి పోయిన పూట ఫోను చేసి మహిపాల్ ఇదంతా సరితకు వివరించాడు. పెళ్లయిన మూడేళ్లకు ఆ మాట ఆమెకు అలా చైనా మీదుగా అందింది. రోజూ పొద్దున ఆ 520 రాకపోతే ఆమెకు బీడీలు చుట్టే చెయ్యి ఆడేది కాదు.

అంకెలు పోశవ్వకు వచ్చు. వేలకు వేలు బీడీలు లెక్కపెట్టిన మనిషి. ఆమె ఆరా తీస్తే, "ఆయన డ్యూటీకి పోయే బస్సు నంబరు అత్తమ్మా, మంచిగ ఎక్కిన అని చెప్తున్నడు" అని సరిత అబద్ధమాడింది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులన్నీ ఆగిపోయాయి. మామ నారాయణ కోరుట్లలో రిలే దీక్షకు కూర్చున్నాడు. ఆ పొద్దున 520 చూసి పోశవ్వకు ఒళ్లు మండింది.

"మీ మామ తెలంగాణ కోసం తిండి తినకుంట కూసుంటే, కొడుకు బస్సెక్కుతడా? సమ్మె అయ్యేదాంక ఎక్కద్దని చెప్పు. గా నంబరు మళ్ల కనవడద్దు!"

"దుబాయిల సమ్మె లేదు అత్తమ్మా."

"వాడు మనోడా, కాదా?"

సమ్మె ఎన్నాళ్లో ఎవరికి తెలుసు? అన్నాళ్లు ఆ మాట లేకుండా ఉండడం సరిత వల్ల కాదు. తల వంచుకుని, లీ దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. ఇక ఫోను ముట్టనివ్వదనే అనుకుంది.

పోశవ్వ సగం చుట్టిన బీడీని చేటలో పడేసింది. ఫోను కోడలి ముందుకు జరిపింది.

"మీ మామకు కొట్టు."

"ఏమని?"

"గదే. గా అంకెలే."

"మామకు సమజ్ కాదు గద అత్తమ్మా!"

"కావద్దు," అంది పోశవ్వ మొహం అటు తిప్పుకుని. "నలభై ఏండ్లాయె, నా నోట్లెకెల్లి రాలే. ఒక్కసారన్న పోనియ్."