మడతల హాల్లో ఆఖరి గొడుగు

పారాచూట్ డివిజన్‌ను ఎత్తేస్తున్నారన్న కబురు మడతలమ్మకు ఆదివారం భోజనాల దగ్గర తెలిసింది. చెప్పింది కోడలే. ఒకప్పుడు అత్తగారు నడిపిన పారాచూట్లు మడిచే హాలును ఇప్పుడు నడుపుతున్నది ఆ కోడలే కాబట్టి, అది గాలికబురని కొట్టిపారెయ్యడానికి లేదు.

"హెలికాప్టర్లు వచ్చాక మన అవసరం తగ్గిందట అత్తయ్యా. ఉన్నవాళ్ళని వేరే డివిజన్లలో కలిపేస్తారు. నెలాఖరున ఆఖరి జంప్. పాతవాళ్ళందర్నీ రమ్మంటున్నారు."

మడతలమ్మ కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది.

"వచ్చి కుర్చీలో కూర్చోడానికా? ఒక గొడుగు నేను మడుస్తాను."

పారాచూట్‌ను ఆ హాల్లో మొదటి నుంచీ గొడుగు అనే అంటారు. కొడుకు నవ్వబోయి, తల్లి మొహం చూసి, ఆ నవ్వును మంచినీళ్ళతో మింగేశాడు. అతను కరెంటాఫీసులో గుమాస్తా. బల్బు మార్చడానికి స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయి. తండ్రేమో డివిజన్ మొదటి బ్యాచ్‌లో విమానంలోంచి దూకినవాడు. పులి కడుపున చలిచీమ పుట్టిందని మడతలమ్మ అతని ఎదుటే అంటుంది, అతనూ కాదనడు.

"చేతులు వణుకుతున్నాయి కదమ్మా," అన్నాడు మెల్లగా.

"నీ కాళ్ళ సంగతి నువ్వు చూసుకో. నా చేతుల సంగతి నాకు తెలుసు."

తెలుసు కాబట్టే భయం. టీ కప్పు ఎత్తితే సగం సాసర్లోకే పోతోంది. సూదిలో దారం ఎక్కించడం మానేసి చాలా కాలమైంది. అయినా డివిజన్ లేకుండా పోయేలోపు ఒక్కసారి ఆ బల్ల ముందు నిలబడాలనిపించింది. అంత బలంగా ఆమె ఈ మధ్య దేన్నీ కోరుకోలేదు.

కోడలు చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "మన హాలు రూలు మీకు నేను చెప్పాలా? మడిచినవాళ్ళు దానితో దూకడానికి సిద్ధంగా ఉండాలి. మీరు దూకలేరు. చూసి సరే అనాల్సింది నేను కాబట్టి నేనే తగిలించుకుని దూకాలి. తప్పు కనిపిస్తే అందరి ముందూ విప్పేస్తాను. తర్వాత మొహం మాడ్చుకుని కూర్చుంటే ఒప్పుకోను."

"నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్తున్నావా?"

"మరి ఎవరికి అప్పజెప్పమంటారు?"

ఆ మాటకు మడతలమ్మకు నవ్వొచ్చింది. ఈ పిల్ల కొత్తగా పనిలో చేరినప్పుడు మడిచిన ప్రతి గొడుగునూ తానే విప్పి నేలకేసి కొట్టేది. మిగతా పిల్లలైతే ఏడ్చేవాళ్ళు. ఈమె మాత్రం పళ్ళు బిగించి మళ్ళీ మొదలుపెట్టేది. ఇంత మొండిది ఇంట్లో ఉంటే సంసారం నిలబడుతుందనుకుని, కొడుక్కి చేసుకుంది. నిలబడింది కూడా.

ఆ డివిజన్ పుట్టిన రోజులు మడతలమ్మకు నిన్నమొన్నటిలా ఉంటాయి. అప్పుడు విమానాలు తక్కువ, ఆశలు ఎక్కువ. గొడుగులు పాత యుద్ధం మిగిల్చినవి, మాసికలు వేసినవి. మడిచే హాలు అంతకుముందు ధాన్యం గోదాము. ఎంత ఊడ్చినా చెక్కల సందుల్లోంచి గింజలు వచ్చేవి, గింజల కోసం ఎలుకలు వచ్చేవి, ఎలుకలకు భయపడి గొడుగులన్నీ దూలాలకు వేలాడదీసేవాళ్ళు. మొదటి జంప్‌లో గాలి తిరగబడి సగం బ్యాచ్ పక్క చెరువులో పడింది. పడినవాళ్ళలో ఒకడు ఒళ్ళంతా బురదతో, భుజాన తడి గొడుగుతో నేరుగా హాలుకొచ్చి, "ఇది మడిచింది ఎవరు?" అన్నాడు. ఆమె భయపడుతూ చెయ్యెత్తింది. "బాగా విచ్చుకుందండీ. ఆ మాట చెబుదామనే వచ్చాను," అన్నాడు. తర్వాత ఆ బురదమనిషినే ఆమె పెళ్ళాడింది.

పెళ్ళయ్యాక జంప్ ఉన్న ప్రతి సాయంత్రం ఆయనది అదే వర్ణన. "తాడు గుంజుతుంది. తల మీద టప్‌మని చప్పుడు. పైకి చూస్తే తెల్లగా, నిండుగా, ఎండంతా దానిలోకి దిగిపోయి... నువ్వు చూడాలే." ఆమె కూర తరుగుతూ, "చాల్లెండి కోతలు. గుడ్డ గుడ్డలా ఉంటుంది, ఇంకెలా ఉంటుంది?" అనేది. వరదల్లో ఊళ్ళకు మందులు మోసుకుని దూకినప్పుడూ, సరిహద్దు వంతెన దగ్గర యుద్ధంలో తెల్లారుజామున దూకి సగంమంది తిరిగిరానప్పుడూ ఆయన ఉన్నాడు. వంతెన దగ్గర పోయినవాళ్ళు తూటాలకు పోయారు గాని గొడుగు విచ్చుకోక ఒక్కడూ పోలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు బొంగురుపోయేది. అన్నిసార్లు ఆకాశంలోంచి దిగిన మనిషి చివరికి నీళ్ళగదిలో జారిపడి, మంచాన పడి పోయాడు. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ తీరలేదు.

ఆయన చెప్పింది నిజమో కోతో ఆమె ఎన్నడూ చూడలేదు. తాను దూకే అవసరం రాలేదు, కింది నుంచేమో చూడకూడదు. తొలి రోజుల్లో మడిచే ఆడవాళ్ళు మైదానం అంచున నిలబడి పైకి చూసేవాళ్ళు, మడతలమ్మకు మాత్రం బల్ల దగ్గరే పని సరిపోయేది. ఒకసారి ఒక గొడుగు తాళ్ళు మెలిపడి గిర్రున తిరిగింది. దూకినవాడు తాపీగా మెలి విప్పుకుని, నవ్వుకుంటూ నేల మీద దిగాడు. కానీ దాన్ని మడిచిన మనిషి మళ్ళీ బల్ల దగ్గరికి రాలేకపోయింది. గుడ్డ ముట్టుకుంటే చేతులు కొయ్యబారిపోయేవి. ఆనాటి నుంచి మడిచేవాళ్ళు పైకి చూడకూడదన్నది ఆ డివిజన్ ఆచారమైంది. చూసిన కళ్ళు చేతులకు భయం నేర్పుతాయని పెద్దవాళ్ళన్నారు. మైదానంలోంచి "విచ్చుకున్నాయ్!" అని కేక వినపడేదాకా అందరూ తలొంచుకుని తమ చెప్పుల వైపు చూస్తూ ఉండేవాళ్ళు. తన సర్వీసంతా మడతలమ్మ చెప్పులే చూసింది.

నెలాఖరు రానే వచ్చింది. హాలు నిండా పాతవాళ్ళు. బట్టతలలు, చేతికర్రలు, గట్టి గట్టి నవ్వులు. డివిజన్ చరిత్ర పుస్తకం రాస్తున్న కుర్ర కెప్టెన్ కెమెరాతో అడ్డం పడుతున్నాడు. పొడవాటి బల్ల మీద గొడుగు పరిచి ఉంది. కోడలు తెచ్చిన ఏప్రన్ కట్టుకుని, బరువుల పెట్టె దగ్గరికి లాక్కుంది మడతలమ్మ. బరువులంటే సీసపు గుళ్ళు కుట్టిన చిన్న సంచులు. మడత జారకుండా గుడ్డ మీద పెడతారు, చివర్లో తీసేసి పెట్టెలో దేని గుంటలో దాన్ని కూర్చోబెడతారు.

గుడ్డ తగలగానే చేతులు దారికొచ్చాయి. వణుకు పోలేదు గాని, అది పక్కకు తప్పుకుని పనికి దారిచ్చింది. ఒక్కో గుడ్డపలక లాగి, దులిపి, చేత్తో సాపు చేసి వేస్తుంటే హాలంతా నిశ్శబ్దమైంది. తాళ్ళు సర్ది, సంచిలో దింపి, మూతి కట్టి, కట్టుదారం బిగించేసరికి పాతవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకాయన ఈల కూడా వేశాడు. కోడలు నాలుగు వైపులా తడిమి చూసింది, తప్పు దొరకలేదు. బయట విమానం ఇంజను మొదలైంది. ఆమె సంచిని వీపుకు ఎత్తుకోబోయింది.

మడతలమ్మ పెట్టె మూత వెయ్యబోయి ఆగిపోయింది. ఒక గుంట ఖాళీగా ఉంది.

బల్ల మీద చూసింది. బల్ల కింద చూసింది. లేదు.  మడతల మధ్య ఉండిపోతే ఆ సీసం తాళ్ళ మీద పడుతుంది, గుడ్డ చీలినా చీలుతుంది. పెద్దది విచ్చుకోకపోతే వాడటానికి ఛాతీ మీద కట్టుకునే చిన్న గొడుగు ఉంటుంది, నిజమే. కానీ చిన్న గొడుగును నమ్ముకుని పెద్దది కట్టే మనిషి ఆ హాల్లో ఎప్పుడూ లేదు. ఎదురుగా ఇంకా చప్పట్లు మోగుతున్నాయి. కెప్టెన్ ఫోటో తీశాడు. ఇంత పేరూ ఇప్పుడు మట్టిపాలు. ముసలిదానికి చేతకాదని ముందే అన్నాం కదా అంటారు. అననీ.

"అమ్మాయ్, ఆగు. దించు దాన్ని," అంది. చప్పట్లలో వినపడలేదు, మళ్ళీ గట్టిగా అంది. "బరువు ఒకటి కనపడటం లేదు. విప్పేయ్."

హాలు చల్లబడింది. కోడలు సంచి దించి, దారం తెంపి, గొడుగును బల్ల పొడవునా గుమ్మరించింది. ఇద్దరూ పలక పలకా వెతికారు. లేదు. మళ్ళీ వెతికారు. ఎక్కడా లేదు.

కోడలు అత్తగారి వైపు తేరిపార చూసి, చెయ్యి చాపి, ఏప్రన్ జేబులోంచి బరువు సంచి బయటికి తీసింది.

 హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. మడతలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేసింది. "బంగారంలా మడిచి నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను కదే. వేరే గొడుగు తీసుకుని వెళ్ళు. విమానం ఆగదు."

"నేను లేకుండా ఎలా ఎగురుతుందో చూస్తాను," అంది కోడలు. కెప్టెన్ వైపు తిరిగి, "పైలట్‌గారికి చెప్పండి, ఆగమని. ఏమిటని అడిగితే, మా అత్తగారు గొడుగు మడుస్తున్నారని చెప్పండి."

కెప్టెన్ పరుగెత్తాడు. మడతలమ్మ కళ్ళు తుడుచుకుని రెండోసారి మొదలుపెట్టింది. ఈసారి ఒక్కో బరువునూ కోడలే అందించి, కోడలే తీసి పెట్టెలో పెట్టింది. గుంటలన్నీ నిండాయి. వీపుకు తగిలించుకుని బయల్దేరుతూ కోడలు గుమ్మంలో వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా, ఈసారి తలెత్తి చూడండి."

"ఆచారం కాదు కదే."

"భయపడటానికి రేపు మడవాల్సిన గొడుగేదీ లేదుగా."

మైదానం అంచున కొడుకు పక్కన నిలబడగానే పాత అలవాటు ప్రకారం మడతలమ్మ చూపు చెప్పుల మీదే పడింది. విమానం చప్పుడు నెత్తి మీదికొచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని తలెత్తింది. చిన్న చిన్న చుక్కలు రాలాయి. ఒకటి విచ్చుకుంది, దాని పక్కన ఇంకొకటి. అందరికంటే చివర కోడలు. ఆ చుక్క కింద పడుతూనే ఉంది, ఇంకా పడుతూనే ఉంది, మడతలమ్మ పక్కనున్న కొడుకు చెయ్యి పట్టేసుకుంది. అప్పుడు తెల్లగా, నిండుగా, ఎండంతా దానిలోకి దిగి విచ్చుకుంది.

"విచ్చుకున్నాయ్!" అని మైదానంలోంచి కేక వచ్చింది. కొడుకు ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

కెప్టెన్ దగ్గరికొచ్చి, "పుస్తకం కోసం ఒక్క మాట చెప్తారా అమ్మా?" అన్నాడు.

ఆమె ఆకాశం మీంచి చూపు తిప్పలేదు.

"మా ఆయన కోతలు కోస్తున్నారని రోజూ దెప్పేదాన్ని నాయనా," అంది. "ఉన్నదే చెప్పారు పాపం."