నీరుగంటి పాదములు

జ్యేష్ఠమాసాంతమున పడమటి దిక్కున నీలాంజనసన్నిభములైన మేఘములు పేరుకొని చినుకొక్కటియు రాల్పక గాలిని సయితము బిగబట్టి గుండ్లకట్ట చెరువుపై మూతవలె క్రమ్ముకొని యుండెను. ఎగువసీమలో నప్పటికే వానలు కురిసినందున చెరువు కట్టయంచుదాక నిండెను. ఊరంతయు నా కట్టకు దిగువనే యుండెను.

ఆ యూర నొక యాచారము కలదు. తొలకరికి ముందు జనులెల్లరు చెప్పులు విడిచి యీ కొననుండి యా కొనవఱకు కట్టపై నడతురు. ఎచ్చట మన్ను పాదమునకు చల్లగా తగులునో యచ్చట లోపల నీరూరుచున్నదని యెఱిగి మన్ను పోయుదురు. ముందు నడచువాడు చెరువునీటిని కాచు నీరుగంటి కదిరప్ప. స్త్రీలు కడపటి వరుస. అతడు స్థలము చూపినపిమ్మట వేఱొకరు పలుకరాదు.

ఆ యేడు నడక ముగియువేళకు తహశీలుదారు స్వయముగా వచ్చెను. పాపము మంచివాడే. "మీ చెరువు సంగతి మీకంటె నాకు తెలియునా? మరమ్మతెచ్చట వలయునో మీరే చెప్పుడు. బండ్లును కూలీలను నేను పంపెదను" అనెను.

జనులెల్లరు కదిరప్ప మొగము చూచిరి. కాని యాఱు నెలలుగా నతని పాదములు మొద్దుబాఱి నిప్పునకును నీటికిని భేద మెఱుగకుండెను. ఆ మాట పొక్కినచో తాతలనాటి నీరుగంటితనము చేజాఱునని యతడు కోడలికి సయితము చెప్పలేదు. అయ్యో, ఎంత పాడుబుద్ధి! కిందటేడు చల్లదనము తగిలిన తూముకడకే పోయి కఱ్ఱతో చూపెను. ఎవ్వరును మాఱుపలుకలేదు. ఊరి మాట దొరికినదని యధికారి సంతసించి వ్రాసికొని పోయెను. మూడు దినములలో తూముకడ మన్ను గుట్టగా పడెను.

నాలుగవనాటి సాయంకాలము కోడలు గంగులమ్మ అన్నము వడ్డించుచు మెల్లగా ననెను: "మామా, నడకనాడు తూరుపు మలుపుకాడ నా కాళ్లు జిల్లుమన్నాయి. నువ్వు తూమే చూపిస్తివని నేను గమ్మునుంటి."

కదిరప్ప ముద్ద విడిచి లేచెను. కోడలు వెంటరాగా తూర్పుమలుపున పాదము మోపెను. ఏమియు తెలియలేదు. మోకరిల్లి యఱచేయి మన్నుపై నానించెను. చల్లగా నుండెను. చేయెత్తగా వ్రేళ్లనడుమ బురద కాఱెను. అప్పుడే పడమట నుఱిమి తొలిచినుకులు పడెను.

"నా కాళ్లు సచ్చి ఆర్నెల్లాయ తల్లీ. ఊరినంతా మిట్టమీదికి ఎక్కించు. నా పేరు ఎత్తొద్దు. నీ కాళ్లకు తెలిసింది నీ నోటితోనే చెప్పు."

గంగులమ్మ పరుగెత్తెను. అధికారి యడిగినది ఊరినే, పలికినవాడు మాత్ర మొక్కడు, వానికి తెలియదు. తెలిసిన యామె కడపటి వరుసలో నోరు మూసికొని నడచెను. దిగువ వీధిలో నేనాడును వినబడని యామె కేక యిపుడు ఇంటింటికిని వినబడుచుండగా కదిరప్ప రెండఱచేతులను మన్నుపై నొత్తి యుంచెను. చేతులక్రింద కట్ట మెల్లగా కదలెను.