గోకర్ణం ఇసుకలో ముందే నడిచిన అడుగులు

ఎమ్మిగనూరులో రంగన్నకు తెల్లారేది మగ్గం గుంటలోనే. కాళ్లు గుంటలోకి దించితే మళ్లీ అన్నానికే పైకి. పక్కన భార్య మహాదేవమ్మ కండెలు చుట్టేది. ఆ నెల ఒక పడుగు అయిపోయింది, కొత్తదానికి నూలు రాలేదు. ఉత్త మగ్గం ముందర రెండు రోజులు కూర్చుని కూర్చుని, "సముద్రం సూసొద్దాం పా" అన్నాడు రంగన్న.

అట్లా గోకర్ణం పోయినారు. వానలు పోయీ పోని, జనం వచ్చీ రాని కాలం. స్వామి దర్శనం చేసుకుని ఒడ్డుకు దిగితే అంగళ్లకు కప్పిన టార్పాలిన్లు ఇంకా విప్పలేదు. ఎండ కాస్తానే చినుకులు పడుతున్నాయి. గొడుగు తెరవాలో ముయ్యాలో మహాదేవమ్మకు తెలియలేదు.

ఖాళీ ఇసుక మీద రెండు జతల అడుగులు కనిపించాయి. చిన్నవి మహాదేవమ్మవి, వేలి మీద వేలు ఎక్కిన ఎడమకాలు ఆమెదే. పెద్దవి రంగన్నవి.

"మనం ఇంగా ఆ పక్కకు పోనేలేదు గదా?" అందామె.

ఆదోని నుంచి వచ్చి అక్కడ టీ అంగడి పెట్టుకున్న బసన్న గ్లాసులు కడుగుతా చెప్పాడు. "ఈడ అంతే అక్కా. అడుగులు ముందు పోతాయి, మనం ఎనక పోతాం. సీజన్‌లో జనం తొక్కేస్తారు గాబట్టి కనపడవు. చక్కెర ఎయ్యాల్నా?"

టీ తాగి అడుగుల వెంట నడిచారు. ఒడ్డున ఉన్న పెద్ద బండ దాటినాక అవి విడిపోయాయి. ఆమెవి కొబ్బరిచెట్ల వైపు తిరిగాయి. అతనివి నేరుగా నీళ్లలోకి పోయాయి. తిరిగి వచ్చినవి లేవు.

"మరి నేను యాడికి పోయినాను?" అన్నాడు రంగన్న, తన కాళ్లనే చూసుకుంటా.

మహాదేవమ్మ నీళ్ల వైపు చూసింది. అలలు పెద్దవేం కావు. అతను పంచె ఎగగట్టి నీళ్లలోకి పోయే తన గుర్తుల్లో ఒకదాంట్లో కాలు పెట్టాడు. సరిగ్గా పట్టింది.

ఆమె గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. పెళ్లయినప్పటి నుంచి ఇంటి బయట ఎప్పుడూ పట్టుకోలేదు.

"నా అడుగుల్లో నడువప్పా."

"అవి సిన్నవి గదే, నా కాలు పట్టదు."

"పట్టినంత పట్టనీ."

రంగన్న తూలుకుంటా ఆమె అడుగుల్లో నడిచాడు. ఆమె వెనక వచ్చింది. కొబ్బరిచెట్లు చేరేలోపే వెనక ధబ్బుమని చప్పుడైంది. నీళ్ల అంచున అతను ఇందాక నిలబడిన ఇసుకదిబ్బ మొత్తం విరిగి నీళ్లలోకి జారింది. అక్కడ సుడి తిరుగుతోంది.

"ఏమైందే ఇప్పుడు?"

"నాకేం తెలుసు," అంది మహాదేవమ్మ. చెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడు పొద్దున రైలుకు బయలుదేరితే ఇసుకలో ముందే నడిచిన అడుగులు ఒక్క జతే ఉన్నాయి. పెద్దవీ కావు, చిన్నవీ కావు.

"నీవేనేమో," అన్నాడు రంగన్న.

"కాదు, నీవే."

వంగి చూశారు, కొలిచి చూశారు. ఎవరివో తేలలేదు. రైలుకు టైమవుతోంది. చివరికి ఎడమకాలి గుర్తుల్లో ఆమె, కుడికాలి గుర్తుల్లో అతను అడుగేసుకుంటా, ఒకరినొకరు తోసుకుంటా, రోడ్డు దాకా నడిచారు.